గడప దగ్గర మూడు వందల ఏళ్లు

తొలి తెలుగు కార్డినల్ పూల అంతోని అంతకుముందు పన్నెండేళ్లు అనంతపురం మెట్టనేలకు బిషప్. ఆయన నడిచిన దారిని రోమ్ వైపు నుంచి కాకుండా మన ఊళ్ల వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది?

పుట్టపర్తి పేరు చెప్పగానే దేశంలో ఎవరికైనా గుర్తొచ్చేది సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం. క్యాథలిక్ శ్రీసభ పటంలో మాత్రం ఈ ఊరు కర్నూలు మేత్రాసనం (ఒక బిషప్ కింది ప్రాంతం) కిందికి వస్తుంది. 1967లో ఏర్పడిన ఆ మేత్రాసనానికి పాత కర్నూలు, పాత అనంతపురం జిల్లాలు రెండూ పరిధి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. అదే రోజు నంద్యాల కూడా జిల్లా అయింది. రెవెన్యూ హద్దులు మారాయి గానీ చర్చి హద్దులు మారలేదు. హిందూపురంలో, కదిరిలో, ధర్మవరంలో, పుట్టపర్తిలో ఉన్న క్యాథలిక్కులందరికీ 2008 నుంచి 2020 దాకా బిషప్ ఒకరే. ఆయన పూల అంతోని.

2022 ఆగస్టు 27న రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో పోపు ఫ్రాన్సిస్ ముందు ఆయన మోకరించి, తల మీద ఎర్రటోపీ, వేలికి ఉంగరం తొడిగించుకున్నారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్. దళిత కుటుంబంలో పుట్టి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి కూడా ఆయనే. పేదింటి పిల్లవాడు పెద్ద పదవికి ఎక్కిన కథగా పత్రికలన్నీ రాశాయి, సంతోషించాయి. సంతోషించదగ్గదే. అయితే ఈ కథ 1961లో ఒక పల్లెలో మొదలై 2022లో రోమ్‌లో ముగిసేది కాదు. దీని మొదలు 18వ శతాబ్దంలో, మన అనంతపురం మెట్టనేల మీదే ఉంది. ఆ కాలంలో కూడా ఈ కథలో ఒక కార్డినల్ ఉన్నాడు. పోపు తరఫున దేశాలు తిరిగిన రాయబారి ఆయన. తగాదా అంతా ఒక గడప గురించి: జబ్బుపడి చావుకు దగ్గరైన మాల, మాదిగ ఇళ్లలోకి చర్చి గురువు అడుగు పెట్టాలా, వద్దా?

కృష్ణాపురం, మద్దిగుబ్బ

పుదుచ్చేరి నుంచి ఫ్రెంచ్ జెసూట్ గురువులు 1700 దాటిన కొద్ది కాలానికే తెలుగు నేల మీదికి వచ్చారు. పుంగనూరు, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, ఇటు అనంతపురం ప్రాంతంలో కృష్ణాపురం, మద్దిగుబ్బ వాళ్ల మజిలీలు. దానికి కర్ణాటక మిషన్ అని పేరు. రాబర్టో ది నోబిలి 1606 తర్వాత మధురైలో చూపిన పద్ధతినే వీళ్లూ పట్టుకున్నారు. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, తోలు చెప్పులు వదిలేశారు, సన్యాసులమని చెప్పుకున్నారు. స్థానిక పాలెగాళ్ల దగ్గర అనుమతి పొందాలి, దాసరులతో వచ్చే తగాదాలు తట్టుకోవాలి. ఫాదర్ లె గాక్ కృష్ణాపురం నుంచి రాసిన ఉత్తరాల్లో ఆ దాసరుల గొడవలన్నీ ఉన్నాయి. ఆ ఉత్తరాలు పారిస్‌లో అచ్చయి యూరప్ అంతా చదివింది. మన పల్లెల పేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో వంకరలు తిరిగి వాటిలో కనిపిస్తాయి.

ఈ మిషన్ గొప్పతనం చిన్నది కాదు. ఫాదర్ కాల్మెట్ 1730లలో వేదాల ప్రతులను తెలుగు లిపిలో రాయించి పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి పంపారు. యూరప్‌కు అందిన తొలి వేద ప్రతుల్లో అవి ఉన్నాయి. కృష్ణాపురంలో పనిచేసిన ఫాదర్ కూర్దూ తెలుగు నిఘంటువు మీద కృషి చేశారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్ పండితులకు రాసి పంపారు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది 1786లో. భాషాశాస్త్ర చరిత్రలో ఇంత పెద్ద ఆలోచనకు బీజం పడిన నేలల్లో మనదీ ఒకటని అనంతపురం బడి పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.

కానీ ఆ కాషాయానికి ఒక ఖరీదు ఉంది. పై కులాల వాళ్లు దగ్గరికి రావాలంటే గురువు దళితవాడకు దూరంగా ఉండాలి. దళితుడు క్రైస్తవుడైతే కావచ్చు, జ్ఞానస్నానం పొందవచ్చు. గురువు మాత్రం ఆ గుడిసెలోకి పోడు. చావుబతుకుల్లో ఉన్నవాణ్ని మంచంతో సహా బయటికి మోసుకొస్తే, అప్పుడు అభ్యంగనం ఇస్తాడు. దేశాచారాన్ని గౌరవించడం అనే పేరుతో ఇది నడిచింది. కొందరు గురువులు దీన్ని ఉపాయమన్నారు, కొందరు తప్పన్నారు. గొడవ రోమ్ దాకా పోయింది.

చూడకుండా తీర్పు చెప్పిన రాయబారి

కార్లో తొమ్మాసో మయార్ ది తూర్నోన్ ఇటలీలోని తురీన్ వాడు. పోపు 11వ క్లెమెంట్ ఆయన్ని తన ప్రత్యేక ప్రతినిధిగా చైనాకు పంపుతూ, దారిలో ఇండియా వ్యవహారం కూడా చూడమన్నాడు. 1703 నవంబర్‌లో పుదుచ్చేరిలో దిగాడు. దిగగానే జబ్బు పడ్డాడు. ఎనిమిది నెలలు అక్కడే ఉన్నా లోపలి మిషన్లకు వెళ్లలేదు. మధురై చూడలేదు, తెలుగు నేల చూడలేదు. కర్ణాటక మిషన్ పెద్ద ఫాదర్ బూషే, మధురై మిషన్ నుంచి ఫాదర్ బెర్తోల్ది చెప్పిన సంగతులు విని, 1704 జూన్ 23న ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. జులై 8న దాన్ని ప్రకటించి, మూడు రోజుల్లో ఓడెక్కి చైనా దారి పట్టాడు.

ఆ ఉత్తర్వు చాలా ఆచారాలను నిషేధించింది. తాళిబొట్టు మీద ఉండకూడని బొమ్మలు మొదలుకొని పెళ్లి తంతులో కొన్ని పద్ధతులు, నుదుటి బొట్టు, స్నాన నియమాల దాకా పెద్ద జాబితా. ఇందులో చాలా అంశాలు ఇక్కడి బతుకు అర్థం కాక పెట్టినవని నా అభిప్రాయం. పొరుగువాడి పెళ్లిలో కొబ్బరికాయ కొడితే విశ్వాసం పోతుందనుకున్న మనిషికి ఈ నేల తెలియదు. కానీ అదే ఉత్తర్వులో ఇంకో అంశం ఉంది: పరయ, మాల ఇళ్లలో జబ్బుపడ్డ వాళ్ల దగ్గరికి గురువులు వెళ్లాల్సిందే, కులం పేరు చెప్పి మానకూడదు.

ఈ ఒక్క అంశం దగ్గర మాత్రం, ఏమీ చూడని ఆ ఇటలీ రాయబారి చెప్పిందే న్యాయం. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉండి, తెలుగులో పద్యాలు రాయగలిగి, వేదాలు సేకరించగలిగిన పండితులు చెప్పింది అన్యాయం. మన సంస్కృతి బాగా తెలిసినవాళ్లు మన అన్యాయంతో కూడా బాగా సర్దుకుపోయారు. మూడు శతాబ్దాల తర్వాత ఈ మాట రాయడం సులువే. కాని ఆ రోజున మంచం మీద బయటికి మోసుకొచ్చిన మనిషి వైపు నిలబడి చూస్తే ఇంకో తీర్పు రాదు.

తూర్నోన్ చైనాలో కాంగ్షీ చక్రవర్తిని కలిశాడు. అక్కడ కూడా పూర్వీకుల పూజల వివాదంలో ఇరుక్కున్నాడు. పోర్చుగీసు వాళ్లు ఆయన్ని మకావులో నిర్బంధించారు. 1707లో పోపు ఆయన్ని కార్డినల్ చేశాడు. ఆ టోపీ మకావులో నిర్బంధంలో ఉండగానే ఆయనకు అందింది. 1710లో అక్కడే, నలభై రెండు నిండక ముందే చనిపోయాడు.

ఆయన పోయాక కూడా గొడవ ఆగలేదు. ఉత్తర్వును అమలు చేయాలా వద్దా అని నలభై ఏళ్లు ఉత్తరాలు నడిచాయి. 1744లో పోపు 14వ బెనెడిక్ట్ దాన్ని ముగించాడు. కుదిరిన ఏర్పాటు ఏమిటంటే, దళితుల కోసం వేరే గురువుల్ని పెట్టుకోవచ్చు. అంటే గడప దాటే గురువులు వేరు, దాటని గురువులు వేరు. అన్ని పక్షాలూ ఒప్పుకోగల మధ్యేమార్గం అది. దౌత్యంలో దాన్ని విజయమంటారు. దళితవాడలో ఏమన్నారో రాసిపెట్టినవాడు లేడు.

1773లో పోపు జెసూట్ సభనే రద్దు చేశాడు. యుద్ధాలూ కరువులూ తోడై కర్ణాటక మిషన్ చితికిపోయింది. మద్దిగుబ్బ వైపు నుంచి, గండికోట వైపు నుంచి క్రైస్తవ రెడ్డి కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు తరలిపోయాయి. ఫిరంగిపురం, రెంటచింతల చర్చిల చరిత్ర అడిగితే మూలాలు మన సీమ దాకా వస్తాయి. గుంటూరు మేత్రాసనానికి 1940లో తొలి బిషప్ అయిన పోతకమూరి తోమాసు, 1942లో బెంగళూరుకు బదిలీ అయి, 1953లో అక్కడ తొలి ఆర్చిబిషప్ అయ్యారు. ఒక తెలుగువాడు కన్నడ రాజధానిలో ఆ పీఠం ఎక్కిన సంగతి ఇప్పుడు మనకే గుర్తులేదు.

రాయలసీమలో మిగిలిన చర్చికి మరో జనం వచ్చారు. 1876–78 నాటి ధాత కరువు తర్వాత దళిత కుటుంబాలు ఊళ్లకు ఊళ్లు రకరకాల మిషన్లలో చేరాయి. గంజి పోసినవాళ్లూ బడి పెట్టినవాళ్లూ వాడలోకి నడిచి వచ్చారు. కాషాయం కట్టిన పండితులు దాటలేకపోయిన గడప అది. సీమలో ఇవాళ కనిపించే చర్చిలో ఎక్కువ భాగం ఆ కరువు తర్వాతిదే.

పోలూరు నుంచి

పూల అంతోని 1961 నవంబర్ 15న నంద్యాల దగ్గర పోలూరులో పుట్టారు. కుందూ నీళ్లు దగ్గరే అయినా పేదింటికి నీళ్లు ఎక్కడున్నా ఒకటే. ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆగకుండా మిషనరీలు కడప తీసుకెళ్లి చదివించారు. ఆయన బతుకులో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే అంటాను. రోమ్ కన్నా పెద్దది. సీమలో ఆ ఏడాది ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లలు వేల మంది ఉంటారు. వాళ్లలో ఎవరికి ఏ శక్తి ఉందో మనకు ఎప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కడి సంగతి.

నూజివీడు చిన్న గురువిద్యాలయం, తర్వాత బెంగళూరు సెయింట్ పీటర్స్‌లో తత్వం, వేదాంతం. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనం తరఫున గురుపట్టాభిషేకం. అక్కణ్నుంచి కడప కథీడ్రల్‌లో సహాయ గురువు, తర్వాత వరసగా విచారణలు, అంటే ఒక్కో గురువు చూసుకునే చర్చి ప్రాంతాలు. టేకూరుపేట, బద్వేలు, వీరపల్లి. బద్వేలులో ఐదేళ్లున్నారు. విచారణ గురువు పని బయటికి కనిపించేది ఆదివారం పూజ ఒక్కటే. మిగతా ఆరు రోజులూ ఉపదేశులతో కూర్చోవడం, బడి మాస్టర్ల జీతాల గొడవ, శ్మశానం స్థలం తగాదా, ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడటం, మండలాఫీసు చుట్టూ తిరగడం, తాగి కొట్టే మొగుణ్ని కూర్చోబెట్టి మాట్లాడటం. రెండు పక్షాలూ ముఖం చూసుకోని చోట నిలబడి రెంటి మాటా వినడం ఇక్కడ రోజూ జరిగే పని.

2001లో అమెరికా వెళ్లి షికాగోలో ఉండి చదువుకున్నారు. తిరిగొచ్చాక పేద పిల్లలకు, వృద్ధులకు చేయూతనిచ్చే సంస్థ పనీ, మేత్రాసనం పాఠశాలల బాధ్యతా చూశారు. 2008 ఫిబ్రవరి 8న పోపు 16వ బెనెడిక్ట్ ఆయన్ని కర్నూలు బిషప్‌గా నియమించారు. ఏప్రిల్ 19న అభిషేకం జరిగింది.

ఏడాదిన్నర తిరక్కుండానే, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పట్టణాన్ని ముంచాయి. మేత్రాసనం ఒక చివర వరద, ఇంకో చివర మన అనంతపురంలో కరువు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరున్న నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన వస్తే పంట, రాకపోతే బెంగళూరు బస్సు. వేరుశనగ ఎండిపోయిన ఏడు పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. ఏడో తరగతి దగ్గర ఆగబోయిన మనిషి ఈ జిల్లాకు బిషప్ అయితే, బడి అనే మాట ఆయనకు లెక్కల్లో ఒక పద్దులాగా ఉండదు.

ఇక్కడ ఇంకో మనిషి పేరు చెప్పకపోతే అనంతపురం క్షమించదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్‌గా 1952లో ఇండియా వచ్చి, మహారాష్ట్ర మన్మాడ్‌లో రైతులతో పనిచేశారు. 1968లో దేశం వదలాల్సి వచ్చి, ఇందిరాగాంధీ అనుమతితో తిరిగొచ్చి, 1969లో అనంతపురం చేరారు. తర్వాతి ఏడాదే గురుసభను వదిలేశారు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దళితవాడల్లో కట్టిన ఇళ్లు, పెట్టిన బడులు, బత్తలపల్లి ఆస్పత్రి జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2009 జూన్ 19న చనిపోయినప్పుడు బత్తలపల్లిలోనే సమాధి చేశారు. చర్చి అంతస్తుల్లో పైకి ఎక్కినవాడు ఒకరు, అంతస్తులే వదిలేసి బయటికి నడిచినవాడు ఇంకొకరు. ఇద్దరి పనీ ఒకే గడప దగ్గర. జనం మటుకు చివరిదాకా ఫెర్రర్‌ను ఫాదర్ అనే పిలిచారు.

నియామకాల వెనుక దౌత్యం

బిషప్ ఎలా అవుతాడో చాలామంది క్యాథలిక్కులకు కూడా స్పష్టంగా తెలియదు. ఢిల్లీ చాణక్యపురిలో పోపు రాయబారి కార్యాలయం ఉంది. 1881 నుంచే రోమ్ ఇక్కడ ఒక ప్రతినిధిని ఉంచింది. స్వతంత్ర భారతం 1948లో వాటికన్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఈ రాయబారిని నున్షియో అంటారు. ఆయనకు రెండు పనులు: ప్రభుత్వంతో మాట్లాడటం, దేశంలోని చర్చి గురించి రోమ్‌కు తెలియజేయడం. ఒక పీఠం ఖాళీ అయితే ఆయన రహస్యంగా చాలామందికి ప్రశ్నలు పంపి, జవాబులు తెప్పించుకుని, ముగ్గురి పేర్లు రోమ్‌కు పంపుతాడు. మన లాటిన్ మేత్రాసనాల సంగతి 1622లో ఏర్పడిన విశ్వాస ప్రచార సంఘానికి వారసురాలైన వాటికన్ శాఖ చూస్తుంది. చివరి మాట పోపుది.

ఈ రాయబారులను తయారుచేసే కళాశాల రోమ్‌లో 1701 నుంచి ఉంది. అంతర్జాతీయ చట్టం, భాషలు, దౌత్య లేఖనం నేర్పుతారు. 2020లో పోపు ఫ్రాన్సిస్ ఒక కొత్త నియమం తెచ్చారు. దౌత్యంలోకి వచ్చే ప్రతి యువ గురువూ ముందు ఒక ఏడాది ఏదో ఒక మిషన్ ప్రాంతంలో పనిచేసి రావాలి. రాయబారి కార్యాలయాలకన్నా ముందు పల్లె చూడాలి అని దాని భావం. తూర్నోన్‌ను పంపిన కాలంలో ఆ నియమం ఉండి ఉంటే ఆయన ఉత్తర్వు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇండియా నుంచి అలాంటి దౌత్యవేత్త కార్డినల్స్ వచ్చారు. ముంబయి ఆర్చిబిషప్‌గా ఉన్న ఇవాన్ డయాస్ అంతకుముందు ఘనా, కొరియా, అల్బేనియాల్లో పోపు రాయబారిగా పనిచేశారు. కేరళ నుంచి వచ్చిన జార్జ్ కూవక్కాడ్ వాటికన్ దౌత్య సేవలో పనిచేసి, పోపు ప్రయాణాలు ఏర్పాటు చేసి, 2024 డిసెంబర్‌లో కార్డినల్ అయ్యారు. మరుసటి నెలలో ఇతర మతాలతో సంభాషణ జరిపే శాఖకు అధిపతి అయ్యారు. పూల అంతోని ఆ కళాశాలలో చదవలేదు, ఏ రాయబారి కార్యాలయంలోనూ పనిచేయలేదు. ఆయన నేర్చుకున్న దౌత్యం బద్వేలు విచారణది.

2020 నవంబర్ 19న ఆయన్ని హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా ప్రకటించారు. 2021 జనవరి 3న బాధ్యతలు తీసుకున్నారు. ఆయనకు ముందు ఆ పీఠంలో తుమ్మ బాల, అంతకుముందు మారంపూడి జోజి ఉన్నారు. 2000లో జోజి ఆర్చిబిషప్ అయినప్పుడు దేశంలో దళితుల నుంచి ఆ స్థాయికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే అని పత్రికలు రాశాయి. ఆయన 2010 ఆగస్టు 27న చనిపోయారు. సరిగ్గా పన్నెండేళ్లకు, అదే తేదీన, అదే పీఠానికి కార్డినల్ టోపీ వచ్చింది. 1953లో వలేరియన్ గ్రేషియస్‌తో మొదలైన భారతీయ కార్డినల్స్ వరసలో ముంబయి, కేరళ, కలకత్తా, గోవా, రాంచీ ఉన్నాయి. తెలుగువాళ్లకు చోటు దక్కడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. 1964లో, 1986లో, 1999లో పోపులు ఇండియా వచ్చారు. ఒక్కసారి కూడా తెలుగు నేల మీద కాలు పెట్టలేదు.

కార్డినల్ అయినవాళ్లలో దాదాపు అందరికీ రోమ్ నగరంలో ఒక చర్చి పేరు కేటాయిస్తారు. పూర్వం పోపును ఎన్నుకున్నది రోమ్ నగర గురువులే కాబట్టి, ఈనాటికీ కార్డినల్స్ పేరుకు రోమ్ గురువర్గంలో ఉంటారు. పూల అంతోనికి దక్కినది అవ్రేలియా అంతికా వీధిలోని తొలి రోమన్ వేదసాక్షుల దేవాలయం. నీరో చక్రవర్తి చంపించిన, పేర్లు కూడా మిగలని సామాన్య క్రైస్తవుల పేరు మీద ఉన్న గుడి అది.

ఆ రోమ్ గురుత్వానికి పని పడింది 2025లో. ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ చనిపోయారు. మే 7న 133 మంది కార్డినల్స్ సిస్టీన్ చాపెల్‌లోకి వెళ్లారు. తలుపులు వేశారు. ఇండియా నుంచి వెళ్లినవాళ్లు నలుగురు: గోవా ఫెర్రావో, తిరువనంతపురం క్లీమిస్, కూవక్కాడ్, పూల అంతోని. ప్రతి ఒక్కరూ తన చేతిరాత గుర్తుపట్టకుండా ఒక పేరు రాసి, కాగితం మడిచి, మైకెలాంజెలో గీసిన అంతిమ తీర్పు చిత్రం ముందు నిలబడి ప్రమాణం చేసి, పాత్రలో వేయాలి. 89 ఓట్లు కావాలి. మే 8న నాలుగో విడతలో అమెరికాలో పుట్టి, పెరూలో మిషనరీగా, బిషప్‌గా పనిచేసిన రాబర్ట్ ప్రెవోస్ట్ గెలిచి 14వ లియో అయ్యారు. 140 కోట్ల క్యాథలిక్కుల పెద్దను ఎన్నుకోవడానికి పడిన ఓట్లలో ఒకటి పోలూరులో పుట్టిన మనిషి చెయ్యి రాసింది.

మన పుట్టపర్తిలో

ప్రశాంతి నిలయంలో క్రిస్మస్ ఏటా ఘనంగా జరుగుతుంది. సాయి కుల్వంత్ హాలులో దేశదేశాల భక్తులు కారల్స్ పాడతారు. 1975లో నిలిపిన సర్వధర్మ స్తూపం మీద శిలువ కూడా ఉంది. ఈ ఊళ్లో మతాల మధ్య సంభాషణ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. సత్యసాయి బాబా మొదలుపెట్టించిన తాగునీటి పథకం 1990ల్లో జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది. ఆ నీళ్లు దళితవాడలకూ వెళ్లాయి. ఫెర్రర్ ఇళ్లూ, సాయి నీళ్లూ, చర్చి బడీ ఒకే వాడలో పక్కపక్కన కనిపించే ఊళ్లు మన చుట్టూ ఉన్నాయి. రోమ్‌లో మతాల సంభాషణ జరిపే ఆ శాఖ పెద్దలు ఎప్పుడైనా ఈ నేలకు వస్తే, సభల్లో ప్రసంగాలు చేయించకుండా ఆ వాడల్లో నడిపించాలి.

కానీ మతాల మధ్య గోడ కన్నా మతం లోపలి గోడ మొండిది. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబర్‌లో దళిత సాధికారత మీద ఒక విధాన పత్రం విడుదల చేసింది. దేశంలో 1.9 కోట్ల క్యాథలిక్కుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని, నాయకత్వంలో వాళ్ల వాటా అతి స్వల్పమని, చర్చి లోపల అంటరానితనం ఇంకా ఉందని అందులో ఒప్పుకుంది. అంతకుముందు 2003లో పోపు రెండో జాన్ పాల్ తమిళనాడు బిషప్పులతో కులవివక్ష క్రైస్తవానికి విరుద్ధమని గట్టిగానే చెప్పారు. వేరు వరసలు, వేరు శ్మశానాలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. 1704 నాటి ఉత్తర్వుకూ 2016 నాటి పత్రానికీ మధ్య మూడు వందల పన్నెండేళ్లు. రెంటిలోనూ సారాంశం ఒక్కటే.

చర్చి బయట ఉన్న గోడ చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టుకునే సూసై అనే మనిషికి, అదే రోడ్డు మీద ఎస్సీ చెప్పులుకుట్టేవాళ్లకు ఇచ్చిన ఉచిత బంకు దక్కలేదు. సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1985లో ఓడిపోయాడు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022 అక్టోబర్‌లో, కొత్త కార్డినల్ టోపీ పెట్టుకున్న రెండు నెలలు తిరక్కుండానే, కేంద్రం ఇదే విషయం మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానించింది. మన రాష్ట్రంలో ఇప్పటికి వాళ్లు బీసీ-సి, వాటా ఒక శాతం.

ఈ చట్టం మీద వాదించాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు, వాదిస్తారు. దానికి ఢిల్లీ కావాలి, కోర్టు కావాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. చర్చి లోపలి గోడకు అవేవీ అక్కర్లేదు. ఏ విచారణలో శ్మశానం రెండు ముక్కలుగా ఉంది, ఏ విచారణ కమిటీలో వాడ నుంచి ఒక్కరూ లేరు, మేత్రాసనం కాలేజీల్లో ఎంతమంది దళిత అధ్యాపకులు ఉన్నారు, గురువిద్యాలయంలో చేరి మధ్యలో ఎవరు ఎందుకు వెళ్లిపోయారు. ఈ లెక్క తీయడానికి కావలసింది ఒక సర్క్యులర్. తెలుగు మేత్రాసనాలు పద్నాలుగింటికి ఆ లెక్క విడివిడిగా తీసి, అచ్చువేసి, ప్రతి చర్చి గోడకు అంటించాలి. ఎర్రటోపీ ఉన్న మనిషి అడిగితే ఏ బిషపూ కాదనలేడు.

పూల అంతోనికి ఇప్పుడు అరవై దాటాయి. చర్చి నియమం ప్రకారం 75 నిండేసరికి, అంటే 2036లో, ఆర్చిబిషప్‌గా రాజీనామా పత్రం ఇవ్వాలి. పోపు ఎన్నికలో ఓటు హక్కు 80 దాకా, అంటే 2041 నవంబర్ వరకు ఉంటుంది. ఏ మెట్టనేలకు పన్నెండేళ్లు బిషప్‌గా ఉన్నారో, ఆ కర్నూలు మేత్రాసనం నుంచే ఆ లెక్క మొదలుపెట్టమని ఆయన్ని అడుగుతున్నాను. హిందూపురం, కదిరి, ధర్మవరం విచారణలతో ఆరంభించినా చాలు.